నర్సు చేతిలో అమానత్

ఈ మధ్య కొండాపురంలో జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన తన కూతురిని వెంటబెట్టుకొని నేను దిగిన ఇంటికి వచ్చారు. "మౌల్సాబ్, మా పాప ఆసుపత్రిలో నర్సు. వారం రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. మీరే ఏదైనా చెప్పాలి" అన్నారు. ఆ అమ్మాయి తల వంచుకొని ఇలా అడిగింది:

"హజ్రత్, మాకు తెలిసిన ఒక అమ్మాయికి రిష్తా కుదిరింది. ఆ అబ్బాయి రక్తపరీక్ష కాగితం డ్యూటీలో నా చేతిలో పడింది. అతనికి హెచ్‌ఐవి ఉంది. చెబితే గీబత్ అవుతుందేమో, చెప్పకపోతే ఖియానత్ అవుతుందేమో. నేనేం చేయాలి?"

ఆమె ఎవరి పేరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. మన ఆడపిల్లలు ఎంతోమంది నర్సింగ్ చదివి ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. కనుక ఈ విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

రోగులకు సేవ చేయడం మన చరిత్రకు కొత్త కాదు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను హజ్రత్ రుఫైదా (రజి) గుడారంలో ఉంచి చికిత్స చేయించారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) దైవప్రవక్త (స) వెంట ఏడు యుద్ధాలకు వెళ్ళి, క్షతగాత్రులకు మందు వేశారు, రోగులను చూసుకున్నారు. కాబట్టి నర్సు పని కేవలం జీతం కోసం చేసే కొలువు కాదు. సంకల్పం మంచిదైతే అది ఇబాదత్ అవుతుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 58వ ఆయత్‌లో ఆదేశం ఉంది. అమానత్ అంటే డబ్బు, నగలే కాదు, రహస్యం కూడా అమానతే. సాటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచేవాని లోపాలను అల్లాహ్ ప్రళయదినాన కప్పి ఉంచుతాడని హదీసు వల్ల తెలుస్తోంది.

అయితే మరో వైపు కూడా ఉంది. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు, దైవప్రవక్త (స) ఆ ఇద్దరి విషయంలో ఉన్న ఇబ్బందులను దాచలేదు. అందుకే ఇమామ్ నవవీ (రహ్మ) మొదలైన పండితులు, పెళ్ళి విషయమై సలహా అడిగినప్పుడు అవసరమైన మేరకు నిజం చెప్పడం నిషిద్ధమైన గీబత్ కాదన్నారు.

మరి ఆ నర్సు నేరుగా వెళ్ళి పెళ్ళికూతురి ఇంట్లో చెప్పేయవచ్చా? ఇక్కడ ఒక తేడా గమనించాలి. పొరుగువాని గుణం పొరుగువానిగా మనకు తెలియడం వేరు, రోగి నమ్మి తన రక్తం ఇచ్చినందువల్ల తెలియడం వేరు. ఆసుపత్రిలో చెప్పిన మాట బజారుకు వస్తుందని తెలిస్తే రేపు ఎవరూ పరీక్షకు రారు. పరీక్షకు రానివారికి మందు అందదు, వారి భార్యలకు రక్షణ ఉండదు. ఒక్క అమ్మాయిని కాపాడబోయి పదిమందికి కీడు చేసినవాళ్ళం అవుతాం.

అలాగని నోరు మూసుకొని కూర్చోవడమూ తగదు. కీడు చేయరాదు, కీడును సాగనివ్వరాదు అన్నది ఫిఖా శాస్త్రంలో మూలసూత్రం. రెండు కీడులు ఎదురైనప్పుడు పెద్దదాన్ని తప్పించే దారి వెతకాలి.

ఆ దారిని మన దేశ చట్టమూ కొంతవరకు చూపుతోంది. రక్తదాత అయిన ఒక వ్యక్తికి హెచ్‌ఐవి ఉన్న సంగతి ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి, అతని పెళ్ళి ఆగిపోయిన కేసులో, పెళ్ళికూతురి ఆరోగ్య హక్కును సుప్రీంకోర్టు 1998లో ముందు నిలిపింది. తరువాత 2017లో హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం వచ్చింది. దాని ప్రకారం రోగి అనుమతి లేకుండా వివరాలు బయటపెట్టరాదు. జీవిత భాగస్వామికి ప్రమాదం ఉన్నప్పుడు, ముందు రోగికి నచ్చజెప్పి, అతను చెప్పడని తేలితే, అతనికి తెలియజేసిన తరువాతే డాక్టరు లేదా కౌన్సెలర్ చెప్పవచ్చు. ఆ పని నర్సుది కాదు.

కనుక ఆ అమ్మాయితో ఇలా అన్నాను: "బేటీ, నువ్వు ఆ ఇంటికి వెళ్ళవద్దు. రేపే మీ డాక్టరుగారికి, కౌన్సెలర్‌కు ఈ పెళ్ళి సంగతి చెప్పు. ఆ అబ్బాయిని పిలిపించి, అతనే స్వయంగా చెప్పేలా చూడమను. ఆ తరువాత చట్టం ప్రకారం ఏం చేయాలో వారు చూస్తారు. పెళ్ళివారు నిన్నే అడిగితే అబ్బాయికి ఏమీ లేదని మాత్రం అనవద్దు. అది అబద్ధసాక్ష్యం. 'ఆసుపత్రి మాటలు నేను చెప్పకూడదు, ఏ సంబంధమైనా రెండు వైపులా రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది' అను."

"ఆ మాటే సూచన అయిపోదా, హజ్రత్?" అని ఆమె అడిగింది. ఒక్క ఇంటికే చెబితే అవుతుంది, అన్ని ఇళ్ళకూ ఎప్పుడూ చెప్పే మాటైతే కాదు. అందుకే ఈ భారం ఒక్క నర్సు మీద వేయకూడదు. మస్జిద్ కమిటీ పెద్దలు, తల్లిదండ్రులు నిఖాకు ముందు వధూవరులు ఇష్టపూర్వకంగా పరీక్ష చేయించుకునే అలవాటును తేవాలి. కట్నం ఎంత, బంగారం ఎంత అని అడగడానికి లేని సిగ్గు ఆరోగ్యం గురించి అడగడానికి ఎందుకు?

చివరిగా ఆ అబ్బాయి గురించి ఒక మాట. జబ్బు ఉన్నంత మాత్రాన అతన్ని పాపిగా ఎంచే హక్కు మనకు లేదు. ఈ వ్యాధి రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తుంది. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి దాంపత్యంలో అది సోకదని వైద్యులు తేల్చారు. దాచి చేసుకున్న పెళ్ళి మోసం. చెప్పి, ఇద్దరూ ఒప్పుకొని చేసుకున్నది పెళ్ళి.

అల్లాహ్ మన నర్సు సోదరీమణులకు అమానత్‌ను కాపాడే శక్తిని, నిజం పలికే ధైర్యాన్ని, రోగుల పట్ల దయను ప్రసాదించుగాక! ఆమీన్.