ఆవరణము, విక్షేపము
అద్వైతులు మాయకు ఆవరణము, విక్షేపము అని రెండు శక్తులను చెప్పుదురు: ఉన్నదానిని మరుగుపఱచునది మొదటిది, లేనిదానిని ఉన్నట్లు తోపించునది రెండవది. కొల్లేటి సరస్సునందలి ఆటపాక పక్షుల చెఱువుకడ తీసిన డిజిటల్ ఛాయాచిత్రములను కంప్యూటరుపై దిద్దు వేళ ఈ విభాగము నాకు మిక్కిలి అక్కఱకు వచ్చుచున్నది. ఫ్రేము నిండ నిలిచిన తెల్లకొంగను కెమెరా తఱచు బూడిదవన్నెకు దింపివైచును. ఎక్స్‌పోజరు పెంచి, ఈకకును ఈకకును నడుమనున్న సన్నని నీడ చెడకుండ ఆ ధావళ్యమును మరల రప్పించుట ఆవరణమును తొలగించుటయే గాని అసత్యము కానేరదు. అయితే, చెట్లు చాలని ఆ చెఱువులో గూడబాతులు పుల్లలు పేర్చి పిల్లలను సాకుకొనుటకై మనుష్యులు నిలిపిన ఇనుప స్టాండ్లను చెరిపివైచి, ఆ పక్షులు నిర్మానుష్యమైన అరణ్యమున వసించుచున్నట్లు చూపుట ఎట్టిది? అందమునకై చేసినను అది తగదని నా దృఢవిశ్వాసము. ఏలయన, ఆ ఇనుమును తుడుచుట ఆవరణము, దాని తావున అరణ్యమును కల్పించుట విక్షేపము, రెండును ఒక్క చిత్రముననే కూడినవి.