నీటి నేరం ఒంటి మీద వేయొద్దు

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్ల బావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. చెత్త ఎత్తిపోసి, మెట్లు బాగుచేసి 2022 డిసెంబర్ 5న దాన్ని మళ్లీ తెరిచారు. నీళ్లను చెడగొట్టిందీ మనుషులే, బాగుచేసిందీ మనుషులే. అయితే ఆ చెత్త కంటికి కనిపించింది కాబట్టి తీయగలిగారు. నీళ్లలో కరిగిపోయిన మందులనూ రసాయనాలనూ ఎట్లా చూడాలి? ఒక్కోసారి ఆ నీళ్లలో బతికే జీవుల ఒళ్లే వాటి జాడ చెప్తాయి. ఆ జాడను మనం న్యాయంగా చదువుతున్నామా అన్నదే నా ప్రశ్న.

రొయ్యలు, ఎండ్రకాయలు మన వాగుల జీవులు. వీటి మగవాటిలో ఒక చిన్న గ్రంథి ఉంటుంది. మగ లక్షణాలు దానివల్లే వస్తాయి. గోదావరిలో దొరికే నీలకంఠ రొయ్య పిల్ల దశలో ఆ గ్రంథిని తీసేస్తే మగది ఆడదిగా పెరిగి గుడ్లు కూడా పెడుతుంది. మగ రొయ్యలు పెద్దగా పెరుగుతాయి కాబట్టి, అన్నీ మగపిల్లలే పుట్టేలా చేయడానికి పెంపకంలో ఈ సంగతిని వాడుకుంటున్నారు. అంటే వీటి ఆడ, మగ తనం మనం అనుకున్నంత గట్టి గీత కాదు.

స్కాట్లాండ్ తీరంలో రొయ్యకు చుట్టమైన ఆంఫిపాడ్ అనే చిన్న జీవిని పరీక్షించారు. ఫ్యాక్టరీల మురికి కలిసే చోట్ల ఆడ, మగ లక్షణాలు రెండూ ఉన్నవి, అంటే ఇంటర్‌సెక్స్ జీవులు, ఎక్కువగా కనిపించాయి. అట్లాంటి ఆడవాటికి పిల్లలు తక్కువ. కానీ దీనికి కాలుష్యం ఒక్కటే కారణమని తేల్చలేదు. మగ పిల్లలను ఆడవైపు తిప్పే ఒక పరాన్నజీవి కూడా వాటిలో ఉంటుంది. చలి సముద్రాల్లో పండాలస్ రొయ్య అయితే ఏ విషమూ లేకుండానే ముందు మగగా బతికి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. కాబట్టి ఒక ఎండ్రకాయ తేడాగా కనిపించగానే ‘వాగు విషమైంది’ అనడం తొందరపాటు.

తొందర ఎంత తప్పో, తాత్సారం అంతకన్నా తప్పు. ఓడలకు పూసే టీబీటీ రంగు వల్ల ఆడ సముద్రపు నత్తలకు మగ అవయవాలు మొలుస్తున్నాయని 1980ల నాటికే తెలిసింది. ప్రపంచమంతటికీ వర్తించే నిషేధం అమల్లోకి వచ్చింది 2008లో. మన దగ్గర చూడండి. పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసిన తర్వాత బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. అది లింగాన్ని మార్చే మందు కాదు, రోగక్రిములను చంపే మందు. అయినా ఏ రోగమూ లేని జీవికి ఎవరూ అడగకుండానే మందు పోసినట్టే కదా! ఆ నీళ్లు అప్పట్లో నక్కవాగులోకి పోయేవి. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. గోదావరి మన కోయ, కొండరెడ్డి గూడేల పక్క నుంచే పోతుంది.

ఇక అసలు సంగతి. ‘కాలుష్యం వల్ల జీవులు ఆడామగా కాకుండా పోతున్నాయి’ అని చెప్తే జనం భయపడతారు, కదులుతారు. ఉద్యమానికి అది పనికొస్తుంది. కానీ ఆ భయం ఎక్కడి నుంచి వస్తోంది? ఆడామగా కానిది చెడ్డది అన్న నమ్మకం నుంచి. అట్లాంటి ఒంటితో పుట్టిన మనుషులు మన మధ్య ఉన్నారు. ఆ మాట తరగతి గదిలో వాళ్ల చెవిన కూడా పడుతుంది.

గిరిజనులం మనకిది కొత్త పాఠం కాదు. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన చట్టం పుట్టుకను బట్టి కొన్ని తెగలను నేరస్థులంది. అదే చట్టం రెండో భాగంలో హిజ్రాల పేర్లు కూడా రిజిస్టరులో ఎక్కించమంది. తర్వాతి కాలంలో మద్రాసు రాజధానిలో ఎరుకలవాళ్లు ఆ ముద్ర మోశారు. హైదరాబాద్‌లో నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల మీద వచ్చిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గానీ కొట్టేయలేదు. పుట్టుకనే నేరంగా చూసిన చూపు ఎంత చేస్తుందో మనకు తెలుసు. తెలిసిన మనమే ఆ చూపుతో ఇంకొకరిని చూడొచ్చా?

మరి తేడా తప్పు కానప్పుడు కాలుష్యాన్ని ఎందుకు తప్పుబట్టాలి అని ఒక విద్యార్థి అడగొచ్చు. మంచి ప్రశ్న. తప్పు ఒంటి ఆకారంలో లేదు. అడగకుండా ఇంకొకరి నీళ్లలో విషం కలపడంలో ఉంది. ఏ రొయ్య ఒళ్లూ మారకపోయినా అది తప్పే. ‘మా వాగు చెడింది’ అని తాగేవాళ్లు రుజువు చేయడం కాదు, ‘మేం వదిలేది హాని చేయదు’ అని వదిలేవాళ్లే ముందు రుజువు చేయాలి.

టీచర్లకు ఒక్క మనవి. పిల్లలతో వాగుకు వెళ్లి ఎండ్రకాయలను లెక్కపెట్టించండి. తేడాగా ఉన్నది దొరికితే నవ్వనివ్వకండి, జాలి కూడా పడనివ్వకండి. ‘పైన వాగులో ఏం కలుస్తోంది?’ అని అడగడం నేర్పండి.