పాత సపోర్టు తీసే ముందు



మన నస్పూర్‌లో బాయి పని తెలియని ఇల్లు తక్కువ. శ్రీరాంపూర్ గనుల్లో దిగిన ఏ కార్మికుణ్ని అడిగినా ఒక సంగతి చెప్తాడు. పని మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ కర్రతో రూఫ్‌ను తట్టి చూస్తాడు. గట్టి శబ్దం వస్తే సరే. డొల్ల శబ్దం వస్తే అక్కడ ఆగాల్సిందే. సపోర్టు పెట్టనిదే ఆ రూఫ్ కింద మనిషిని నిలబెట్టరు. పాత సపోర్టు మార్చాలన్నా పక్కన కొత్తది బిగించినాకనే దాని మీద చెయ్యి వేస్తారు. "ఏం కాదు, పీకెయ్" అనేవాణ్ని బాయిలో ధైర్యవంతుడు అనరు.

ఈ సంగతితో ఎందుకు మొదలుపెట్టానంటే, ధమ్మంలోకి మనుషుల్ని తీసుకొచ్చే మన కార్యకర్తలం చాలాసార్లు ఇదే మరిచిపోతున్నాం. కొత్త సపోర్టు పెట్టకుండానే పాతది పీకేస్తున్నాం. ఆ తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ముందు నా తప్పే చెప్తాను.

ఆ రాత్రి నేను చేసింది

పదిహేనేండ్ల కిందటి మాట. మా బస్తీలో ఒక కుటుంబం దీక్ష తీసుకున్నది. ఆయన సెకండ్ షిఫ్ట్‌కు పోయిన ఒక రోజు రాత్రి ఆ ఇంటి వదిన నన్ను పిలిపించింది. ఒళ్లో పిల్ల. ఒళ్లు కాలిపోతున్నది.

"తమ్మీ, ఈసారి పోచమ్మకు బోనం ఎత్తలే. గప్పటి సంది పిల్లకు జరం ఇడుస్తలేదు. అమ్మ కోపం జేసిందా ఏంది?" అని అడిగింది.

నేను అప్పుడు కొత్తగా చదివిన పుస్తకాల వేడి మీద ఉన్నాను. "దీక్ష తీసుకొని కూడా ఇంకా ఈ మూఢనమ్మకమేనా వదినా? 22 ప్రతిజ్ఞలు ఎందుకు చదివినట్టు?" అన్నాను. అరగంట ఉపన్యాసం చెప్పి వచ్చాను. ఒక్క మాట కూడా తప్పు మాట్లాడలేదు. కానీ పిల్లను దవాఖానకు తీసుకపోదామని నా నోటి నుండి రాలేదు.

తీసుకపోయింది పక్కింటి పెద్దమ్మ. ఆమెకు ప్రతిజ్ఞలన్నీ నోటికి రావు. కానీ ఆటో మాట్లాడింది, తెల్లారేదాకా మంచం పక్కన కూర్చున్నది. పిల్లకు నయమైంది. ఆ వదిన మాత్రం రెండేండ్లు విహారం గడప తొక్కలేదు. తర్వాత ఒక రోజు నాతో అన్నది: "నువ్వు చెప్పింది తప్పు గాదు తమ్మీ. కని ఆ రాత్రి నాకు కావాల్సింది మాట గాదు, మనిషి."

ఆ మాట నాకు ఇప్పటికీ పాఠమే. బోనం ఆమెకు ఒక సపోర్టు. అది నిజంగా బరువు మోస్తుందా లేదా అన్నది వేరే సంగతి. తరతరాలుగా దాని కిందనే నిలబడ్డది. దాన్ని తీసెయ్యమన్న నేను దాని చోట ఏం పెట్టాను? ఏమీ పెట్టలేదు.

గోదావరి ఒడ్డున బావరి భయం

శాపం భయం మన గోదావరికి కొత్త కాదు. సుత్తనిపాతంలో పారాయన వగ్గ అనే భాగం ఉన్నది. అందులో బావరి అనే ముసలి బ్రాహ్మణ గురువు కథ వస్తుంది. కోసల దేశం నుండి వచ్చి అస్సక రాజ్యంలో, ఇదే గోదావరి ఒడ్డున, ఆశ్రమం కట్టుకొని ఉన్నాడు. యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేశాడు. అప్పుడు ఒకడు వచ్చి అయిదు వందలు ఇవ్వమన్నాడు. లేవంటే, "ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుంది" అని శపించాడు.

అంత చదివిన బావరి కూడా వణికిపోయాడు. తిండి మానేశాడు. ఒక దేవత వచ్చి, వాడు డబ్బు కోసం వచ్చిన మోసగాడు, తల గురించి వాడికేమీ తెలియదని చెప్పింది. తెలిసినవాడు బుద్ధుడేనని చెప్తే, బావరి తన పదహారు మంది శిష్యులను అంత దూరం పంపాడు.

బుద్ధుడు ఏం చేశాడో గమనించండి. బావరికి తాయత్తు పంపలేదు. ఎదురు శాపమూ పెట్టలేదు. "ఇంత పెద్దవాడివి, ఇదేం భయం" అని ఎగతాళి చెయ్యలేదు. అవిద్యే ఆ తల, విద్యే దాన్ని పగలగొట్టేది అని వివరించాడు. బావరి సుఖంగా ఉండాలని కోరుకున్నాడు. తర్వాత, మీ గురువుకైనా మీకైనా ఏ అనుమానం ఉన్నా అడగండి అని అవకాశం ఇచ్చాడు. పదహారు మందీ ఒక్కొక్కరుగా అడిగారు, ఒక్కొక్కరికీ జవాబు చెప్పాడు.

భయపడ్డవాణ్ని ముందు కుదుటపరచడం, తర్వాత కారణం చూపించడం, ఆ తర్వాత అడగనివ్వడం. నేను ఆ వదిన దగ్గర ఈ మూడింట్లో ఒక్కటీ చెయ్యలేదు.

బాబాసాహెబ్ 21 ఏండ్లు ఎందుకు ఆగారు

1935 అక్టోబర్ 13న యేవలాలో బాబాసాహెబ్ ప్రకటించారు, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని. దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో. మధ్యలో 21 ఏండ్లు.

1936 మే నెలలో ముంబైలో మహార్ల సభ పెట్టి తన వాళ్ల భయాలన్నీ ఒక్కొక్కటే తీసుకొని మాట్లాడారు. మతం మారితే మన రాజకీయ హక్కులు ఏమవుతాయి అన్న ప్రశ్ననూ దాటెయ్యలేదు. మతం మారడం పిల్లల ఆట కాదని, ఓడ నడిపేవాడు బయలుదేరే ముందు అన్నీ సిద్ధం చేసుకున్నట్టే మనమూ చేసుకోవాలని చెప్పారు. తర్వాతి ఏండ్లలో చదివారు, శ్రీలంక వెళ్లారు, బర్మా వెళ్లారు, తన ప్రజల కోసం బుద్ధుని మీద పుస్తకం రాశారు. నాగపూర్‌లో ముందు తాను భిక్షు చంద్రమణి దగ్గర దీక్ష తీసుకొని, ఆ తర్వాతనే ప్రజలకు ఇచ్చారు. ముందు తాను నడిచి చూపించారు. రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 16న, చంద్రపూర్‌లో దీక్ష ఇచ్చారు. మంచిర్యాల స్టేషన్‌లో బల్లార్షా వైపు రైలెక్కితే మనకు ఎంత దూరం? ధమ్మం మన గుమ్మం దాకా వచ్చింది.

ఇంకో భయం గురించి దాచకుండా చెప్పుకోవాలి. "బౌద్ధం తీసుకుంటే రిజర్వేషన్ పోతదా అన్నా?" ఈ ప్రశ్న అడిగినవాణ్ని స్వార్థపరుడు అనకండి. వాడి పిల్ల చదువు, కొడుకు నౌకరీ దాని మీద ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను కలిపారు. బౌద్ధులను కలిపింది 1990లో. అంటే 1956లో దీక్ష తీసుకున్నవాళ్లు కేంద్రంలో 34 ఏండ్లు ఆ హక్కు లేకుండా నిలబడ్డారు. వాళ్ల భయం ఉత్తది కాదు, నిజం. వాళ్లు నిలబడి కొట్లాడబట్టే ఇవాళ మనం ఆ చట్టం చూపించి "పోదు" అని చెప్పగలుగుతున్నాం. అడిగినవాళ్లకు ఈ వివరం చెప్పండి. సర్టిఫికెట్ పని ఉంటే తెలిసిన మనిషిని తోడిచ్చి తహసీల్దార్ ఆఫీసు దాకా పంపండి. అది కూడా ధమ్మ ప్రచారమే.

బంధువుల ముందు తలుపు మూయొద్దు

నాలందలో ఉపాలి అనే గృహస్థు ఉండేవాడు. జైన నిగంఠుల ఉపాసకుడు. బుద్ధునితో వాదానికి వచ్చి, ఒప్పుకొని, శరణు కోరాడు. పేరున్న మనిషి చేరుతానంటే మనమైతే ఏం చేస్తాం? వెంటనే ఫ్లెక్సీ కట్టిస్తాం. బుద్ధుడు మాత్రం, బాగా ఆలోచించి నిర్ణయం తీసుకో గృహపతీ అన్నాడు. నీ ఇల్లు ఎన్నాళ్లుగానో నిగంఠులకు ఊటబావిలా ఉన్నది, వాళ్లొస్తే అన్నం పెట్టడం మానొద్దు అని కూడా చెప్పాడు.

దీక్ష తీసుకున్న కోడలికి పండుగ నాడు అత్తగారింట్లో ఎట్లా ఉండాలన్నది పెద్ద దిగులు. నువ్వు పూజ చెయ్యకు, ప్రతిజ్ఞ నిలబెట్టుకో. కానీ అత్తమ్మ మీద మాట విసరకు, ఆమె విస్తరి ముందు నుండి లేవకు. ప్రతిజ్ఞలు తగ్గించుకొమ్మని నేను చెప్పడం లేదు. వాటిని రాయిలా ఎదుటివాళ్ల మీద వేయొద్దంటున్నాను.

కొత్త సపోర్టు ఏది?

అంగుత్తర నికాయంలో బుద్ధుడు పంచశీలను మహాదానం అన్నాడు. చంపనివాడు, దొంగిలించనివాడు, వ్యభిచరించనివాడు, అబద్ధం ఆడనివాడు, మత్తు ముట్టనివాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయం ఇస్తున్నాడని చెప్పాడు. మన కాలనీల్లో ఈ మాట చాలా సూటిగా తగులుతుంది. జీతం రోజున ఇంటాయన తాగకుండా వస్తే ఆ ఇల్లాలికి ఆ పూట భయం లేదు. పిల్లలు మంచం కింద దాక్కోరు. దేవుడి ఫోటో తీసేసి సీసా ఉంచుకున్న ఇంట్లో ఎవరికి ధైర్యం వస్తుంది?

కాబట్టి ఒక ఇంటికి పోయినప్పుడు ఈ వరుస పాటిద్దాం. ముందు వినండి, రూఫ్ తట్టి చూసినట్టు. భయం ఎక్కడ ఉన్నదో అడగండి: జబ్బా, పిల్లల పెండ్లా, చావు కార్యమా, రిజర్వేషనా? పెండ్లికి, చావుకు బౌద్ధ పద్ధతి చేయించేవాళ్లు ఎవరో ముందే చెప్పండి, ఆ రోజు మీరూ ఉండండి. ఆదివారం వందనకు రాని ఇంటికి సోమవారం మీరే పోండి, ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు, బాగున్నారా అని అడగడానికి.

చివరిగా ఒక హెచ్చరిక. ఆ కొత్త సపోర్టు నేనే అనుకుంటే మళ్లీ తప్పే. బుద్ధుడు చివరి రోజుల్లో ఆనందునికి చెప్పింది, మీకు మీరే దీపం కండి, ధమ్మాన్నే శరణంగా చేసుకోండి అని. బాబాసాహెబ్ 1936 ప్రసంగాన్ని ముగించింది కూడా ఆ మాటతోనే. దీక్ష ఇచ్చి రెండు నెలలు కాకముందే, డిసెంబర్ 6న ఆయన పోయారు. నడిపించినవాడు పోయాడని జనం వెనక్కి మళ్లలేదు. ముంబైలో ఆయన చితి దగ్గరే వేల మంది దీక్ష తీసుకున్నారు. ఆయన వాళ్లను తన మీద నిలబెట్టలేదు, ధమ్మం మీద నిలబెట్టారు.

ఆ వదిన ఇప్పుడు మా విహారంలో వందన చెప్పిస్తుంది. ఎవరి పిల్లకు జరం వచ్చినా ముందు పోయేది ఆమెనే. పోయినాక మూఢనమ్మకం గురించి మాట్లాడదు. ముందు నుదురు తాకి చూస్తుంది.

జై భీమ్! నమో బుద్ధాయ!