యుద్ధం తర్వాత ఇల్లు చేరిన చదువు

మద్దిలపాలెంలో బస్సు దిగి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నడిచే పిల్లలారా, ఒక్క మాట.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. విశ్వవిద్యాలయమూ గుంటూరుకు తరలింది. గుంటూరు కడుపులో పెట్టుకుని చూసుకుంది, ఆ రుణం చిన్నది కాదు. అయినా 1946లో చదువు తన సొంత గడపకే తిరిగొచ్చింది. అదే న్యాయం.

ఆనాటి బాంబు ఇనుప తొడుగు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్లి చూడండి. ఆ వలస రోజుల్లో చేతులు మారిన విశ్వవిద్యాలయం పుస్తకమో, ఫొటోనో మీ అటకమీద ఉంటే దుమ్ము దులిపి, విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి అప్పగించండి.