చవక చాకులోని గుణం

కలకత్తాలో ధర్మతలా కాలిబాటల మీద చిల్లర సామానులు పరచుకొని అమ్మేవారి వద్ద తాళాలు, దువ్వెనలు, చేతి అద్దాల నడుమ మడత చాకులు కూడా కనిపిస్తూ ఉంటాయి. కొనదలచినవాడు ధర అడుగక ముందే ఒకదానిని చేతిలోకి తీసుకుంటాడు. గోటితో అలుగును పైకి లాగుతాడు. అది పిడి నుండి లేచి నిలిచేటప్పుడు వినవచ్చే 'టక్కు'మనే చప్పుడుకు చెవి ఒగ్గుతాడు. అలుగును అటూ ఇటూ కదిపి చూస్తాడు. మళ్ళీ మూసి, మొన పిడి సందులో పూర్తిగా దాగినదా లేదా అని వ్రేలితో తడుముతాడు. ఇంతటి పరీక్ష స్వల్పమైన ధరకు దొరికే వస్తువుకు! చివరకు దానిని వదలి, చూపులకు అచ్చంగా దానివలెనే ఉన్న మరొకదానిని ఎన్నుకుంటాడు. కారణం అడిగితే 'ఇది బాగున్నది' అనడం తప్ప వేరుగా చెప్పలేడు. ఆ బాగు ఏమిటి? అల్పమైన వస్తువుకు గుణమనేది ఎక్కడినుండి వస్తుంది?

వెలగల వస్తువు మంచిదైతే అందులో ఆశ్చర్యపడవలసినది లేదు. మేలైన ఉక్కు, నేర్పరియైన పనివాడు, కావలసినంత వ్యవధి, అన్నీ దానికి సమకూడినవి. చవక వస్తువు అట్లా కాదు. అది కొంత వదులుకొనే పుడుతుంది. ఏది వదులుకున్నది, ఏది వదులుకోలేదు అన్న దానిలోనే దాని శీలం ఉన్నది. లేమి వచ్చిపడినప్పుడు మనిషి దేనిని మొదట అమ్ముకుంటాడో, దేనిని చివరిదాకా అంటిపెట్టుకొని ఉంటాడో చూచి లోకం అతనిని తెలుసుకుంటుంది. చాకు విషయమూ అంతే. ఒక చాకు పిడికి బంగారు వన్నె పూత ఉంటుంది, దానిపై సింహపు బొమ్మ ఉంటుంది. అలుగు మాత్రం మెత్తని ఇనుము, నాలుగు పెన్సిళ్ళు చెక్కేసరికి వాదర చచ్చిపోతుంది. మరొకదానికి చెక్కపిడి, రెండు రివెట్లు, అంతకు మించి అలంకారమేమీ లేదు. కాని అలుగు ఊగదు, వీపున ఉన్న స్ప్రింగు గట్టిగా పట్టుకుంటుంది, ఉక్కు పదును నిలుపుకుంటుంది. రెండింటి ధరా ఒకటే. మొదటిది పనిని వదులుకొని వేషాన్ని ఉంచుకున్నది. రెండవది వేషాన్ని వదులుకొని పనిని ఉంచుకున్నది. చవక వేరు, నాసి వేరు. చవకతనం ధరకు సంబంధించినది. నాసితనం నడతకు సంబంధించినది.

బెంగాలీ ఇంటిలో వంటపనికి చాకు అంతగా అక్కరలేదు. అక్కడ ఏలుబడి 'బొటి'ది, అనగా తెలుగువారి కత్తిపీటది. చేప కోసినా, కూర తరిగినా నేలమీద కూర్చుండి, పీటను కాలితో అదిమిపట్టి, నిలిచిన అలుగు మీదికి కూరను నెట్టవలసినదే. మడత చాకు గడప దాటి పోయేవాని వస్తువు. రైలుపెట్టెలో జామకాయ కోయడానికి, పిల్లవాని పెన్సిలు చెక్కడానికి, పార్సెలు పురికొస త్రెంచడానికి, గాలిపటం వెదురుపుల్లను నున్న చేయడానికి అదే. ఏ పనికీ అది ప్రత్యేకించి పుట్టలేదు. ఏ పనికీ కాదనదు.

ఈ స్వభావాన్ని మెచ్చని మహానుభావుడు ఒకడున్నాడు. అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథపు ఆరంభంలోనే 'డెల్ఫీ చాకు' ప్రసక్తి తెస్తాడు. అది అనేక పనులకు వచ్చేటట్లు కమ్మరులు చేసిన కత్తి. ప్రకృతి అటువంటి లోభి కాదనీ, ఒక్కొక్క వస్తువును ఒక్కొక్క పనికే సృజిస్తుందనీ, ఒకే పనికి వినియోగపడినప్పుడే సాధనం శ్రేష్ఠంగా ఉంటుందనీ అతని వాదం. సాధనాల మట్టుకు ఈ మాట కొంత నిజం. చేపను తరగడంలో మడత చాకు కత్తిపీటకు సాటిరాదు. అయితే అతడు ఈ సామ్యాన్ని తెచ్చినది కత్తులను గురించి చెప్పడానికి కాదు. స్త్రీ వేరు, బానిస వేరు, ఎవరి వినియోగాన్ని వారికి ప్రకృతియే నిర్ణయించినదని చెప్పడానికి. ఒక వస్తువుకు ఒకటే పని అన్న సూత్రం మనుష్యుల మీదికి ఎంత సులువుగా ప్రాకిపోయినదో చూడవలెను. వందపనులు చేసే చాకును లోభత్వపు ఫలమనడం, పది చాకులు కొనగలిగినవాని దృష్టి. ఒక్కటే కొనగలిగినవానికి అది లోభం కాదు, ఆదరవు. పేదయింట తల్లి వంటమనిషీ, వైద్యురాలూ, ఉపాధ్యాయురాలూ అయినట్లే, ఆ చాకు కూడా తన వంతుకు మించిన పనులను మోస్తున్నది. దాని మీద పుట్టే ఆపేక్షకు మొదటి కారణం ఇదే.

రెండవ కారణం, అది యజమానిని ఊరక ఉండనీయదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ క్రోమియం కలిపిన ఉక్కును తయారుచేసిన తరువాత, తుప్పుపట్టని చాకులు లోకమంతటా వ్యాపించినవి. అది గొప్ప మేలు. కాని మామూలు ఉక్కు చాకు ఇంకా కొన్ని జేబులలో ఉన్నది. పచ్చి మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. తడితో మడిస్తే తుప్పెక్కుతుంది. దానిని తుడవవలెను, నూనె చుక్క వేయవలెను, అప్పుడప్పుడు సానపట్టేవానికి ఇవ్వవలెను. వాడు సందులో నిలిచి కాలితో చక్రం త్రొక్కుతూ నిప్పురవ్వలు రాల్చినప్పుడల్లా అలుగు రవంత అరిగిపోతుంది. కొన్ని ఏళ్ళకు అది సన్నబడి, కొన్ననాటి రూపు కోల్పోతుంది. పిడి పగిలితే క్రొత్త చెక్క వేస్తారు. అప్పుడది ఆ చాకేనా? నాగసేనుడు మిళిందరాజును అడిగిన రథపు ప్రశ్న వంటిదే ఇది. ఇరుసు రథం కాదు, చక్రాలు రథం కాదు. రథమన్నది ఆ కూడికకు పెట్టిన పేరు. చాకు కూడికలో అలుగూ, పిడీ, రివెట్టే కాక, తుడిచిన చేయి కూడా చేరి ఉన్నది. కొన్ననాడు అంగడిలో కనిపించినది గుణానికి బీజం మాత్రమే. మిగిలినది వాడుకలో పెరిగినది.

ఇంతవరకు కొన్నవాని మాట. చేసినవాని మాట ఇంకా ఉన్నది. కలకత్తాకు వాయవ్యంగా, బర్ద్వాన్ పట్టణపు అంచున, కాంచన్‌నగర్ పందొమ్మిదవ శతాబ్దిలో చాకులకు, కత్తెరలకు పేరుపొందినది. షెఫీల్డు యంత్రాల సరుకుతో అక్కడి కమ్మరులు పోటీపడవలసి వచ్చినది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో విదేశీ వస్తు బహిష్కార తీర్మానం జరిగినప్పుడు, స్వదేశీ వస్తువు ముతకదైనా, ప్రియమైనా కొనవలెనన్న నియమం దేశభక్తికి గురుతు అయినది. ఆ నియమంలో గొప్ప సత్యమున్నది: ధర అనేది వస్తువు ఒక్కదానిదే కాదు, చేసినవాని అన్నం కూడా దానిలో ఉన్నది. అయినా ఆ సత్యానికి రెండవ ముఖం ఉన్నది. ప్రియమైన వస్తువు కొనలేని పేదవానికి చవక సరుకే గతి. అతని చేతినుండి దానిని లాగి తగులబెట్టే దేశభక్తి ఎటువంటిదో, 1916లో గ్రంథరూపం పొందిన 'ఘరే బాయిరే' నవలలో రవీంద్రనాథుడు నిర్దాక్షిణ్యంగా చూపినాడు. కొనేవాని పేదరికమూ, చేసేవాని పేదరికమూ చవక చాకు దగ్గర ఎదురుపడుతున్నవి. ఒకరి మేలును రెండవవారి నష్టంతో కొనడం న్యాయం కాదు. ఆ లెక్క సరిచేయడం ఒక్క కొనుగోలుదారుకు సాధ్యమూ కాదు.

భాద్రమాసపు సంక్రాంతినాడు కలకత్తా కర్మాగారాలలో, చిన్న చిన్న దుకాణాలలో విశ్వకర్మ పూజ జరుగుతుంది. తెలుగువారు దసరాకు ఆయుధాలకు చేసే పూజను అక్కడి పనివారు ఆనాడు తమ సుత్తెలకు, యంత్రాలకు చేస్తారు. ఆకాశమంతా గాలిపటాలే. ఆ పటాల పుల్లలను చెక్కిన చాకు ఏ పీటమీదా ఉండకపోవచ్చును. ఎవరి జేబులోనో ఉంటుంది.

ధర్మతలా కాలిబాట మీది కొనుగోలుదారు చాకులో ఏది వదులుకోబడినదో వ్రేలితో తెలుసుకోగలడు. రివెట్టు బిగువు తెలుస్తుంది, మొన దాగినదో లేదో తెలుస్తుంది. పనివాని కూలిలో ఏమైనా వదులుకోబడినదా అన్నది మాత్రం ఏ వ్రేలికీ అందదు. అది అడిగి తెలుసుకోవలసినది. అడిగేవారు ఉన్నంతవరకే చవకకూ నాసికీ నడుమ గీత నిలిచి ఉంటుంది.