అడగడం, అడుక్కోవడం

వినాయక చవితి ఇంకా పది రోజులుందనగా రాజమహేంద్రవరం వీధుల్లో పిల్లలు గుంపులుగా బయలుదేరతారు. చేతిలో రసీదు పుస్తకం ఉంటుంది, అది లేకపోతే మూతకు చిల్లు పెట్టిన డబ్బా. తలుపు కొట్టి చందా అంటారు. కొందరు పది రూపాయలు ఇస్తారు, కొందరు "మొన్నేగా ఇచ్చాం" అంటారు, కొందరు లోపలుండీ పలకరు. ఏ ఇంట్లోనూ వాళ్లను ముష్టివాళ్లనరు. పిల్లల సరదా అంటారు.

వేసవిలో రంపచోడవరం, మారేడుమిల్లి దారుల్లో మా పిల్లలు వెదురు కర్ర అడ్డం పెట్టి పండుగ డబ్బులు అడిగితే, అదే ఊరి నుంచి కార్లో వచ్చినవారికి వేరే మాట వస్తుంది. దారి కాచి వసూళ్లట. బడి మాన్పించి అడుక్కోవడం నేర్పుతున్నామట. మేము ఆదివాసులమూ, పంతుళ్లమూ కాబట్టి ఈ మాట మాకు రెండు వైపులా తగులుతుంది.

డెల్టాకు పిల్లలు అడగడం కొత్త కాదు. వీధి బడుల రోజుల్లో దసరా వస్తే పంతులుగారే పిల్లల్ని వెంటబెట్టుకుని గడపగడపకూ తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, నోట పద్యాలు, పాటలు. ఇంటివాళ్లు పంతులుగారికి డబ్బో ధాన్యమో ఇచ్చి, పిల్లల దోసిళ్లలో పప్పు బెల్లాలు పోసేవారు. ఆ పంతులుకు ఊరు ఇచ్చిందే జీతం. (మాకు నెలజీతం ఉంది కనుక ఆ ఆచారం పోయిందని మేం బెంగపడం.) వానలు ముఖం చాటేసిన ఏడు రోకలికి కప్పను కట్టి తిప్పే కప్పతల్లి ఆట కూడా ఇలాంటిదే. ఇల్లాలు బయటికి వచ్చి కప్ప మీద నీళ్లు పోసేది.

ఈ రెండు చోట్లా పిల్లవాడు తన ఒక్కడి కోసం చేయి చాపలేదు. పంతులు కోసం అడిగాడు, వాన కోసం అడిగాడు. ఊరికే కూడా అడగలేదు, పాట ఇచ్చి అడిగాడు. ఇంటావిడ పొయ్యి దగ్గర పని ఆపుకుని గడప దాకా వచ్చి, పాట అయ్యేదాకా నిలబడేది. పెట్టింది గుప్పెడే అయినా, ఈ ఊళ్లో ఏ గుమ్మం ముందైనా తాను నిలబడవచ్చని పిల్లవాడికి తెలిసేది.

మా భూమి పండుగను ఇలాగే చూడమంటున్నాం. కోయభాషలో విజ్జ పండుం, అంటే విత్తనాల పండుగ. తొలకరికి ముందు విత్తనాలను పూజలో పెడతాం. మగవాళ్లు వేటకు వెళితే ఆడవాళ్లు రేల పాటలు పాడుతూ దారికి కర్ర అడ్డం పెడతారు. ఆ దారిన వచ్చినవాడు కూడా పండుగకు ఇంత ఇచ్చి వెళ్లాలి. వచ్చిన డబ్బు ఊరి ఉమ్మడి ఖర్చుకు పోతుంది. నడిచి వచ్చే బాటసారి ఆగేవాడు, పాట వినేవాడు. ఇప్పుడు కారు అద్దం రెండు అంగుళాలు దిగుతుంది, అందులోంచి ఒక నాణెం రోడ్డు మీద పడుతుంది. ఇంకొకాయన బిస్కెట్ ప్యాకెట్ విసిరి, పిల్లలు ఎగబడుతుంటే ఫోన్లో తీసుకుంటాడు. ఆ నాణెం కోసం పిల్ల వంగిందే, అక్కడే అడగడం కాస్తా అడుక్కోవడం అయింది. చేసింది పిల్ల కాదు.

ఇస్తే అలవాటవుతుంది కదా అంటారు. నిజంగా భయపడాల్సిన చోటు వేరే ఉంది. రైల్వే స్టేషన్లలో, గోదావరి రేవుల్లో ఎవరో పంపగా చేయి చాపే పిల్లలున్నారు. పిల్లలతో బిచ్చమెత్తించేవాళ్లకు 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 5 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. అక్కడ మనం వేసే నాణెం పిల్లకు చేరదు, పంపినవాడికి చేరుతుంది, రేపు మళ్లీ పంపుతాడు. అక్కడ చేయాల్సింది 1098కి ఫోను. ఎవరు ఏ రకమో ఎలా తెలుస్తుందంటారా? అడగండి. ఏ ఊరమ్మా, ఎన్నో తరగతి, దేనికీ డబ్బులు? పండుగ పిల్లలైతే నలుగురూ ఒకేసారి చెబుతారు, మధ్యలో కొట్టుకుంటారు కూడా. పంపిన పిల్లయితే వెనక్కి చూస్తుంది.

మా పెద్దలకూ ఒక మాట ఉంది. పిల్లల్ని చూస్తే బండ్లు ఆగుతాయని వాళ్లను ముందు నిలబెట్టి మనం చెట్టు నీడన కూర్చోవడం పండుగ కాదు. ఘాట్ మలుపులో వచ్చే లారీకి పిల్ల కనబడేసరికే ఆలస్యమైపోతుంది. కర్ర పెద్దల చేతిలో ఉండాలి, రోడ్డు తిన్నగా ఉన్న చోట ఉండాలి. పిల్లలు పాటలో ఉండాలి. బడి ఉన్న పూట అసలు వద్దు. సాయంత్రం డబ్బు లెక్కపెట్టి రాసే పని మాత్రం వాళ్లకే ఇవ్వండి. ఎంత వచ్చింది, బియ్యానికెంత, కోడికెంత, మిగిలిందెంత. మూడో తరగతి పిల్ల చేయగల లెక్కే అది. చవితి డబ్బాలకూ ఇదే అడగాలి. పోయినేడు చందా లెక్క చూపించమంటే ఇవ్వనన్నట్టు కాదు.

డబ్బులు లేవనుకోండి, ఇవ్వడం ఇష్టం లేదనుకోండి. అద్దం పూర్తిగా దించి, పిల్ల ముఖం చూసి, "ఈసారి లేదమ్మా, పండుగ బాగా చేసుకోండి" అనండి. కర్ర ఎత్తుతారు.