కబురు ముందు, కొడుకు వెనక

తెల్లవారుజామున కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఫ్రీజర్ బాక్సు దించుతారు. వాచ్‌మన్ గదిలోంచి వైరు లాగి ప్లగ్గు పెడతారు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న చుట్టాలంతా ఒకటే అడుగుతుంటారు: "బాబు ఎన్నింటికి దిగుతున్నాడు?" బావమరిది ఫోన్‌లో చిన్న విమానం బొమ్మ అట్లాంటిక్ మీద మెల్లగా కదులుతుంటుంది. కొడుకుండేది డాలస్. హైటెక్ సిటీ చుట్టుపక్కల కాలనీలకు ఇదేం కొత్త కాదు.

శంషాబాద్ నుంచి డాలస్‌కు దగ్గరి దారి గీస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ గీత ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు ఎక్కడా ఆగని విమానం వేస్తే, దానికే సుమారు 16 గంటలు పట్టేది. దుబాయ్‌లోనో దోహాలోనో మారి వచ్చేవాడికి ఒక రోజు పోయినట్టే. కబురు మాత్రం ఊపిరి ఆగిన నిమిషంలోనే వాట్సాప్‌లో చేరిపోయింది.

శాస్త్రం రాసిన నాటి లోకం వేరు. మనిషికెంత దూరమో కబురుకీ అంతే దూరం. అందుకే మనుస్మృతి అయిదో అధ్యాయం మైలను కబురుతో ముడిపెట్టింది. దూరదేశంలో జరిగిన చావు గురించి పది రోజుల లోపు వింటే మిగిలిన రోజులే మైల. పది దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటితే స్నానంతో సరి.

మరి దూరదేశమంటే ఎంత దూరం? ధర్మశాస్త్ర వ్యాఖ్య అయిన మితాక్షరలో దీనికి బృహస్పతి మాట ఉదహరించారు: నడుమ మహానది గానీ కొండ గానీ అడ్డుపడినా, మాట మారినా అది దేశాంతరమే. కొందరి లెక్క 60 యోజనాలు, కొందరిది 40, ఇంకొందరిది 30. పది రాత్రుల్లో కబురు అందని చోటు అని మరో కొలత కూడా ధర్మశాస్త్రాల్లో ఉంది.

ఈ చివరిదాన్ని పట్టుకుంటే ఇవాళ భూమ్మీద దేశాంతరమే లేదు. మాట మారడమే గుర్తనుకుంటే ఇంకా తమాషా. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర వినిపించే తెలుగుకి ఆ ఊరు మనకు పొరుగూరవుతుంది. మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడి కల్యాణి, అంటే జహీరాబాద్ దాటాక వచ్చే నేటి బసవకల్యాణ్, కన్నడ దేశం కాబట్టి దేశాంతరం!

ఈ లెక్కల్లో కబురు తెలియనివాడికి చోటుంది. తెలిసీ, సీటు బెల్టు పెట్టుకుని ఆకాశంలో కూర్చున్నవాడికి లేదు. అతని కోసం ఒక రోజు ఆగడాన్ని శాస్త్ర విరుద్ధమని కసురుకునే పెద్దలు ఆ కొలతలు మరోసారి చదువుకుంటే మంచిది. అవి కాళ్లకూ పడవలకూ పెట్టిన కొలతలు.

తద్దినం దగ్గర మాత్రం పొరపాటు జరగకూడదు. హైదరాబాద్‌లో మంగళవారం ఉదయం 6 గంటలైతే, చలికాలంలో డాలస్‌లో సోమవారం సాయంత్రం 6.30. తిథి సూర్యచంద్రుల మధ్య కోణాన్ని బట్టి వస్తుంది కనుక ఆ క్షణాన రెండుచోట్లా ఒకటే. కొడుకు డైరీలో రాసుకోవాల్సింది తారీఖు కాదు, మాసం, పక్షం, తిథి.